లండన్ మీదుగా వస్తున్నారా? డబ్బు కట్టే ముందు పాస్‌పోర్ట్‌లో స్టాంప్ చూసుకోండి

మా పిన్ని కూతురు డాలస్‌లో ఉంటుంది. పోయిన ఏడాది బాబాయికి ఆపరేషన్ అన్నారని అప్పటికప్పుడు టికెట్ తీసుకుంది, లండన్‌లో మూడు గంటలు ఆగి హైదరాబాద్ వచ్చేది, ఆ రోజుకి దొరికినవాటిలో అదే చౌక. ఎయిర్‌పోర్టు కౌంటర్‌లో ఉన్నావిడ పాస్‌పోర్ట్ తిరగేసి, మళ్లీ మొదటి నుంచి తిరగేసి, "మీ అమెరికా వీసా అయిపోయింది, యూకే ట్రాన్సిట్ వీసా ఉందా?" అని అడిగింది. ఉన్నది చదువుకోవడానికి వెళ్లినప్పటి ఎఫ్-1 స్టాంప్, అంటే పాస్‌పోర్ట్‌లో అంటించిన వీసా, గడువు తీరిపోయింది. ఉద్యోగానికి హెచ్-1బీ అప్రూవ్ అయిన ఐ-797 కాగితం ఫైల్‌లోంచి తీసి చూపించింది, మేనేజర్‌ని పిలిపించింది, ఏడ్చింది. బోర్డింగ్ పాస్ ఇవ్వలేదు. ఆ రాత్రే దోహా మీదుగా ఇంకో టికెట్ కొంది, దాదాపు రెట్టింపు ధర. బాబాయిని థియేటర్‌లోకి తీసుకెళ్లే వేళకి తను ఇంకా దోహాలోనే ఉంది.

కౌంటర్‌లో ఆవిడ తప్పేమీ లేదు. హెచ్-1బీ ఐ-797 అనేది అమెరికాలో ఉండి పని చేసుకోవడానికి ఇచ్చిన అనుమతి, వీసా కాదు. బ్రిటన్ లెక్కలో భారతీయులు విమానాశ్రయం గడప దాటకుండా విమానం మారాలన్నా వీసా తీసుకోవాల్సిన వాళ్లే, దాన్ని డైరెక్ట్ ఎయిర్‌సైడ్ ట్రాన్సిట్ వీసా అంటారు. అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వీసాల్లో ఒకటైనా గడువు ఉన్నది చేతిలో ఉంటే, లేదా గ్రీన్ కార్డ్ ఉంటే అక్కర్లేదు. గడువు తీరిన స్టాంప్ అందులోకి రాదు. సరైన కాగితాలు లేని మనిషిని దింపితే బ్రిటన్ ఆ ఎయిర్‌లైన్‌కి 2,000 పౌండ్ల దాకా జరిమానా వేస్తుంది, వెనక్కి పంపే ఖర్చూ దానిదే, అందుకే కౌంటర్ దగ్గర ఎంత బతిమాలినా పని జరగదు.

ఇది ఎవరికో ఒకరికి జరిగే సంగతి కూడా కాదు. స్టాంపింగ్ కోసం, అంటే పాస్‌పోర్ట్‌లో కొత్త అమెరికా వీసా వేయించుకోవడానికి ఇండియా వచ్చేవాళ్లు, పేరులోనే ఉంది కదా, స్టాంప్ లేకే వస్తున్నారు. చదువు అయ్యాక ఓపీటీ (స్టూడెంట్ వీసా మీదే కొంతకాలం పని చేసే అనుమతి), తర్వాత అక్కడే హెచ్-1బీకి మారి నాలుగైదేళ్లుగా ఇంటి ముఖం చూడని మన పిల్లలు ఎంతమంది ఉన్నారో ప్రతి వీధిలోనూ తెలుసు.

రెండో చిక్కు టికెట్ తయారైన తీరులో ఉంది, నా ఉద్దేశంలో ఎక్కువమందికి తెలియనిది ఇదే. మధ్యలో ఎన్ని గంటలు ఆగుతారన్నదాని కంటే, సామాను నేరుగా హైదరాబాద్ దాకా ట్యాగ్ అవుతుందా లేదా అన్నది ముఖ్యం. డాలస్ నుంచి లండన్‌కి ఒక టికెట్, లండన్ నుంచి హైదరాబాద్‌కి వేరే పీఎన్ఆర్ (బుకింగ్ నంబర్)తో ఇంకోటి కొంటే, చాలాసార్లు ఇమిగ్రేషన్ దాటి బయటికొచ్చి సూట్‌కేసులు తీసుకుని మళ్లీ చెక్-ఇన్ చేయాలి. అంటే బ్రిటన్‌లోకి అడుగు పెట్టినట్టే, అప్పుడు రూల్స్ మారిపోతాయి. పదేళ్ల అమెరికా విజిటర్ వీసా ఉన్న అమ్మానాన్నలు లోపలే విమానం మారితే ఏ ఇబ్బందీ లేదు. బయటికి రావాల్సి వస్తే మాత్రం, అమెరికాలో దిగి ఆరు నెలలు నిండకుండా తిరిగి వస్తుండాలి. మనవడి పుట్టినరోజు కూడా చూసి వెళ్దామని ఉండే గడువు పెంచుకున్నవాళ్లకి ఇది సరిగ్గా తగులుతుంది.

అమెరికాలో అసలు ట్రాన్సిట్ ఏరియా అనేదే లేదు, మెక్సికో వెళ్తూ హ్యూస్టన్‌లో రెండు గంటలు ఆగినా వీసా ఉండాల్సిందే. యూరప్‌లో రెండు షెంజెన్ (ఒకే వీసాతో తిరగగలిగే దేశాల కూటమి) ఎయిర్‌పోర్టులు ఉన్న టికెట్ అయితే వాటి మధ్య విమానం లోకల్ కింద లెక్క, కాబట్టి షెంజెన్ వీసా కావాలి. దోహా, దుబాయ్, అబుదాబిల్లో ఒకే టికెట్ మీద లోపలే విమానం మారేవాళ్లకి ఈ గొడవ లేదు. నాలుగు వేలు ఎక్కువైనా స్టాంప్ లేనివాళ్లు అటే రండి.

నాకు కోపం వచ్చేది బుకింగ్ సైట్ల మీద. పాస్‌పోర్ట్ ఏ దేశానిదో అడుగుతారు, ఏ ఊళ్లో ఆగుతామో వాళ్లకి తెలుసు, సీటు, భోజనం, ఇన్సూరెన్స్ అమ్మడానికి పేజీ తర్వాత పేజీ చూపిస్తారు, ట్రాన్సిట్ వీసా మాట మాత్రం చాలా చోట్ల షరతుల అడుగున 'ప్రయాణికుడిదే బాధ్యత' అని ఉంటుంది. డబ్బు కట్టే బటన్ పైన ఒక్క వాక్యం పెట్టమని మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఎందుకు ఆదేశించకూడదు?

అది వచ్చేదాకా మన పని మనమే చేసుకోవాలి. బ్రిటన్ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో మీ దేశం, ట్రాన్సిట్ అని ఎంచుకుంటే వీసా కావాలో లేదో ఉచితంగానే చెప్తుంది. అనుమానం ఉంటే ఎయిర్‌లైన్‌కి మెయిల్ పెట్టి జవాబు దాచుకోండి, ఏజెంట్ ఫోన్‌లో చెప్పిన మాట కౌంటర్ దగ్గర చెల్లదు. ట్రాన్సిట్ వీసాకి వేలిముద్రలు ఇవ్వాలి, వారాలు పడుతుంది, రేపు ప్రయాణం అనగా దొరికేది కాదు.

మా చెల్లి ఇక్కడే స్టాంపింగ్ చేయించుకుని, లండన్ మీదుగానే తిరిగి వెళ్లింది. అదే ఎయిర్‌పోర్టు, మళ్లీ మూడు గంటలే, ఈసారి ఎవరూ ఏమీ అడగలేదు.