అప్పు లేనివాడు అనుమానితుడు

బరంపురం పెద్దబజారులో తరతరాలుగా చెలామణీలో ఉన్న ఒక సామెతను తక్షణం రద్దు చేయాలని సవినయంగా మనవి. 'అప్పు లేనివాడే అధిక సంపన్నుడు' అన్నది పాత లెక్క. కొత్త లెక్కలో అతని విలువ -1. వేళాకోళం కాదు. అప్పు తీర్చే అలవాటుకు సిబిల్ సంస్థ వేసే మార్కు, అదే సిబిల్ స్కోరు, 300 నుంచి 900 దాకా నడుస్తుంది. జన్మలో రుణం ఎరగని మనిషి రిపోర్టులో అంకె ఉండాల్సిన చోట -1 అనో, ఎన్‌హెచ్ (నో హిస్టరీ, చరిత్ర లేదు) అనో ఉంటుంది. వాయిదాలు ఎగ్గొట్టినవాడికైనా మూడంకెల పరువు మిగులుతుంది.

అప్పుల చరిత్ర లేదన్న ఒక్క కారణంతో తొలిసారి లోను అడిగేవాళ్లను తిప్పి పంపకూడదని కేంద్రం 2025లో లోక్‌సభకు చెప్పింది. మన బ్యాంకు మేనేజరుగారు ఆ రోజు లోక్‌సభలో లేరు. కాబట్టి మచ్చలేని మనిషి చేయాల్సిందిది: 20 వేలు ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసి, దాని మీద క్రెడిట్ కార్డు తీసుకోవాలి. డిపాజిట్‌లో 80 శాతం ఇచ్చే బ్యాంకైతే పరిమితి 16 వేలు. అందులో 30 శాతం, అంటే నెలకు 4,800 దాటకుండా వాడి, గడువులోపు మొత్తం బిల్లు కట్టాలి. కనీస మొత్తం కట్టి ఊరుకుంటే వడ్డీ మొదలవుతుంది. ఇలా ఆరు నెలలు తన సొమ్మునే తాను అప్పు తెచ్చుకుని తీర్చుకున్నాక, నమ్మదగినవాడని ఓ అంకె పుడుతుంది.

మన సరిహద్దు జిల్లాల వాళ్లకు ఇంకో ప్రత్యేక సౌకర్యం ఉంది. అక్షరాలు. ఒడియా నోట్లో 'వ' పడితే 'బ' అయిపోతుంది. పర్లాకిమిడిలో పుట్టిన వెంకటరావు ఓటరు కార్డులో బెంకట రాఓ. పాన్ కార్డులో ఇంటిపేరు ముందు, ఆధార్‌లో వెనక. ఒకచోట పాత్రుడు, ఇంకోచోట పాత్రో. సిబిల్ లాంటి అప్పుల లెక్కలు రాసే సంస్థ (బ్యూరో) కంప్యూటరు పేరు, పుట్టిన తేదీ, పాన్, ఫోను నంబరు, చిరునామా కలిపి మనిషిని పోల్చుకుంటుంది. అవి కలవకపోతే ఒక మనిషి ఇద్దరవుతాడు: సక్రమంగా తీర్చిన లోను ఒకడి ఖాతాలో, ఇంకా తీరని లోను మరొకడి ఖాతాలో. అదృష్టం ఇంకాస్త బాగుంటే గుణుపురంలో ఎవరో బెంకట రాఓ ఎగ్గొట్టిన బండి లోను కూడా మనకే దక్కుతుంది.

బావమరిది ట్రాక్టరుకు పెట్టిన హామీ సంతకం సంగతి సరేసరి. అతని వాయిదా తప్పితే మన రిపోర్టుకూ మచ్చే. వసూలు ఏజెంటు 'సగం కట్టండి, తేల్చేద్దాం' అంటే రిపోర్టులో 'క్లోజ్డ్' రాదు, 'సెటిల్డ్' వస్తుంది. అంటే మొత్తం కట్టలేదని ముద్ర. (ఏజెంటు అబద్ధం ఆడలేదు. నిజంగానే తేల్చేశాడు.) ఇంక బ్యాంకు ఉద్యోగం. బ్యాంకు ఉద్యోగాల పరీక్షలు పెట్టే ఐబీపీఎస్ నోటిఫికేషన్‌లోనే ఆరోగ్యకరమైన క్రెడిట్ చరిత్ర కావాలని రాసి ఉంటుంది. చదువు లోను తీర్చడానికి ఉద్యోగం కావాలి, ఉద్యోగానికి లోను వాయిదాలు తప్పి ఉండకూడదు. ఇందులో లోపమెక్కడో చూపించగలిగినవాడు ఇంతవరకు తగల్లేదు.

దిద్దుబాటుకు దారి లేకపోలేదు. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్: ఈ నాలుగు బ్యూరోలూ ఏడాదికొకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. నాలుగూ తీయండి, ఒకదానిలో సరిగ్గా ఉన్న పేరు మరొకదానిలో వంకరగా ఉండొచ్చు. మన రిపోర్టు మనమే చూసుకుంటే స్కోరు తగ్గదు. వారంలో ఐదు బ్యాంకులకు దరఖాస్తు పెడితేనే దెబ్బ. తప్పు కనిపిస్తే పాన్, ఆధార్ నకళ్లు, బాకీ లేదని బ్యాంకు ఇచ్చే నో డ్యూ సర్టిఫికెట్ దగ్గర పెట్టుకుని, ఆ బ్యూరోకు ఆన్‌లైన్‌లో డిస్ప్యూట్ (ఫిర్యాదు) వేసి, దాని నంబరు రాసుకోండి. తప్పు దిద్దడానికి బ్యాంకుకు 21 రోజులు, మొత్తం మీద 30 రోజులు గడువు. దాటితే రోజుకు 100 రూపాయలు, ఆలస్యం ఎవరిదైతే వాళ్లు మనకు చెల్లించాలి. 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న నియమమిది.

అంటే ఆ వంద రూపాయల మట్టుకు బ్యాంకు మనకు బాకీ. ఆ బాకీ ఆలస్యమైతే బ్యాంకు స్కోరు ఎంత తగ్గుతుందో మాత్రం ఏ రిపోర్టులోనూ గడి లేదు.