జ్ఞాపకాల మీద కూడా పన్ను వేయాలి

ఇంగ్లండులో నార్త్ యార్క్‌షైర్ కౌన్సిల్ వారు 2025 ఏప్రిల్ నుంచి సెకండ్ హోమ్‌ల మీద కౌన్సిల్ ట్యాక్స్, అంటే ఇంటిపన్ను, రెట్టింపు చేశారు. ఊళ్ళో ఉండకుండా ఊళ్ళో ఇల్లు ఉంచుకున్నవాళ్ళు ఇకమీదట రెండింతలు కట్టాలి. బాధ్యత గల మనిషిగా ఈ నిర్ణయాన్ని మనస్ఫూర్తిగా స్వాగతిస్తున్నాను. కాకపోతే కౌన్సిల్ వారి వలకి ఒక పెద్ద కన్నం ఉంది. ఇల్లు కూడా లేకుండా, ఒట్టి జ్ఞాపకాలు పెట్టుకుని ఊరి మీద పెత్తనం చేసేవాళ్ళ సంగతేంటి? ఏడాదికోసారి కారులో దిగి, "మా రోజుల్లో ఇక్కడ బేకరీ ఉండేది" అని నిట్టూర్చి, పార్కింగ్ దొరకలేదని తిట్టుకుంటూ వెళ్ళిపోయేవాళ్ళ మీద పైసా పన్ను లేదు. ఇదెక్కడి న్యాయం?

ఈ నేరం చేస్తున్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి. అందుకే నామినేషన్ వేసే అభ్యర్థిలాగా నా ఆస్తుల అఫిడవిట్ నేనే సమర్పించుకుంటున్నాను. మన నాయకుల అఫిడవిట్లలో సొంత కారు ఉండదు. నా దాంట్లో సొంత ఇల్లు ఉండదు.

ఊరి పేరు రాబిన్ హుడ్స్ బే. విట్బీ అనే రేవు పట్టణానికి ఆరు మైళ్ళు. అక్కడివాళ్ళు పేరంతా పలకరు, 'బే' అంటారు. ఎర్ర పెంకుటిళ్ళు కొండ మీంచి సముద్రంలోకి జారబోయి, ఎందుకో మనసు మార్చుకుని మధ్యలో ఆగిపోయినట్టుంటాయి. ఇళ్ళ మధ్య సందుల్లో ఇద్దరు ఎదురైతే ఒకరు వెనక్కి నడవాల్సిందే. ఇంగ్లండు కథల్లో ఉన్నవాళ్ళని దోచి లేనివాళ్ళకి పంచిన రాబిన్ హుడ్ ఈ ఊరికి వచ్చాడనడానికి ఒక్క ఆధారమూ లేదు. పేరు మాత్రం ఆయనదే. ఊళ్ళో ఒక్క రాత్రి పడుకోకుండా ఊరు మొత్తం తన పేరున రాయించుకున్నాడంటే, మొట్టమొదటి సెకండ్ హోమ్ యజమాని ఆయనే అనుకోవాలి. పాత బకాయిలు వసూలు చేయదలిస్తే అక్కణ్ణుంచి మొదలుపెట్టవచ్చు.

పన్నుల అధికారులకి ఒక హెచ్చరిక. పన్ను ఎగ్గొట్టడం ఈ ఊరి కులవృత్తి. పద్దెనిమిదో శతాబ్దంలో టీ మీద, జిన్ మీద, పట్టు మీద సుంకాలు మండిపోతుంటే బే జనం రాత్రిపూట సరుకు దించేవారు. ఒడ్డున దిగిన మూట ఇంట్లోంచి ఇంట్లోకి, గోడలోంచి గోడలోకి చేతులు మారుతూ, వీధి మొహం చూడకుండా కొండెక్కేసేదని ఇప్పటికీ చెప్పుకుంటారు. అలాంటి ఊళ్ళో జ్ఞాపకాలు దాచుకోవడం ఎంతసేపు?

ఇక నా ఆస్తులు. 1972లో, నాకు ఏడేళ్ళప్పుడు, గుంటూరు మెడికల్ కాలేజీలో చదివిన మా నాన్న ఆ చుట్టుపక్కల ఒక ఆసుపత్రిలో ఉద్యోగానికి వచ్చాడు. ఆ రోజుల్లో ఇంగ్లండు డాక్టర్లు వద్దన్న మూలలకల్లా మన డాక్టర్లే వెళ్ళారు. మేం వెళ్ళేసరికి ఊరికి రైలు ఆగిపోయి ఏడేళ్ళయింది. చింతపండు మొదటినుంచీ లేదు.

చింతపండు లేకపోవడాన్ని అమ్మ వైధవ్యంతో సమానంగా చూసింది. పక్కింటి జాలరి భార్య ఒకరోజు రెండు మాకెరెల్ చేపలు, పెరట్లో కోసిన రూబార్బ్ అనే పుల్లటి కాడలు ఇచ్చి వెళ్ళింది. రూబార్బ్‌లో చక్కెర పోసి తీపి వండుకుంటారు అక్కడివాళ్ళు. అమ్మ ఒక ముక్క కొరికి, కళ్ళు మూసుకుని, కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "గోంగూర చెల్లెలురా ఇది" అంది. ఆ రాత్రి రూబార్బ్‌తో చేపల పులుసు పెట్టింది. వాసనకి పక్కింటావిడ వచ్చి గుమ్మంలో నిలబడితే, ఆమెకీ ఒక గిన్నె వెళ్ళింది. ఈ జ్ఞాపకం విలువ ఎంత కట్టాలో అధికారులే నిర్ణయించాలి.

చిన్నప్పుడు తీరంలో అమ్మోనైట్ శిలాజాలు ఏరుకునేవాణ్ణి, చుట్టచుట్టుకున్న పాముల్లా ఉంటాయి. విట్బీలో మఠం నడిపిన సెయింట్ హిల్డా అక్కడి పాములన్నిటినీ రాళ్ళు చేసేసిందని కథ. మన రాముడు రాయిని మనిషిని చేశాడు, ఆవిడ ఎదురు దిక్కు నుంచి వచ్చింది. రాళ్ళకి తలలేవి అని యాత్రికులు అడుగుతుంటే, విక్టోరియా రాణి కాలం నాటి వ్యాపారులు శుభ్రంగా తలలు చెక్కి అమ్మారు. జ్ఞాపకానికి తల అతికించి అమ్మే ఈ వ్యాపారం కొత్తదేం కాదని మనవి.

1981 వేసవిలో, నా పదహారో ఏట, చేపలూ చిప్స్ అమ్మే షాపులో పనికి కుదిరాను. గంటకి పౌను కూడా లేదు. కనీస వేతనం చట్టం అమల్లోకి రావడానికి ఇంకా 18 ఏళ్ళుంది. నా పని దుంపల కళ్ళు తీయడం. తొక్కతీసే మిషన్ గడగడలాడి దుంపల్ని తెల్లగా బయటికి నెడుతుంది కానీ నల్లటి కళ్ళు అలాగే ఉంటాయి. చన్నీళ్ళ బక్కెట్లో చేతులు పెట్టి, పొట్టి కత్తితో ఒక్కొక్కటీ తవ్వాలి. సాయంత్రానికి వేళ్ళు నావో దుంపలవో తెలిసేది కాదు. బయట వాన. కొండమీద కార్లలో అద్దాలు బిగించుకుని, సముద్రానికి ఎదురుగా కూర్చుని, మోకాళ్ళ మీద పొట్లాలు విప్పుకుని తింటున్న కుటుంబాలు. ఎవరూ మాట్లాడరు. దాన్ని సెలవులంటారు.

యార్క్‌షైర్‌లో చేపల్ని సంప్రదాయంగా నూనెలో వేయించరు. ఆవు కొవ్వులో వేయిస్తారు. అది నాకు మొదటిరోజే తెలిసింది. అమ్మకి మాత్రం వేరుశనగ నూనె అని చెప్పాను. ఆవిడ మూడు వేసవులు ఆ చొక్కాలు ఉతికింది. "ఇదేం నూనెరా, వదలదు" అనేది. ఆవిడ వెళ్ళిపోయేదాకా నిజం చెప్పలేదు. ఇది ఆస్తో అప్పో నాకే అర్థం కాక మధ్య గడిలో రాశాను.

జనవరిలో ఊరు ఎలా ఉంటుందో కూడా చెప్పాలి. 1881 జనవరిలో విజిటర్ అనే ఓడ ఈ బేలో తుఫానుకి చిక్కింది. సముద్రం మీంచి లైఫ్‌బోటు తేవడం కుదరక, విట్బీ నుంచి ఆరు మైళ్ళు మంచులో 18 గుర్రాలు కట్టి, నేలమీద ఈడ్చుకొచ్చారు. ముందు కొందరు మంచు తవ్వారు, ఇవతలి నుంచి బే జనం దారి చేస్తూ ఎదురెళ్ళారు. ఓడలోని ఆరుగురూ బతికారు. ఇప్పుడు జనవరిలో అదే జరిగితే గుర్రాలకి లోటుండదు. ఎదురెళ్ళేవాళ్ళ కోసం తలుపు తలుపుకీ, అద్దెకి దిగే అతిథుల కోసం తాళంచెవి దాచిపెట్టే కీ బాక్సు నంబరు కనుక్కోవాలి. 2022లో పక్కనున్న విట్బీలో ఓటు పెట్టి అడిగితే 93 శాతం మంది, కొత్తగా కట్టే ఇళ్ళు అక్కడే కాపురముండేవాళ్ళకే ఇవ్వాలన్నారు. ఆ ఓటుకి చట్టంలో విలువ లేదు. నిట్టూర్పుకున్నంత విలువుంది.

అఫిడవిట్‌లో అప్పుల గడి కూడా ఉంటుంది కదా. 1998లో నాన్న రిటైరయ్యాక ఇల్లు అమ్మకానికి పెట్టాం. ఇద్దరు వచ్చారు. ఒకడు పై వీధిలో పుట్టిన కుర్రాడు, ప్లంబర్, పెళ్ళి కుదిరింది. రెండోవాళ్ళు లీడ్స్ నగరం జంట, వారాంతాల్లో వచ్చి పోతామన్నారు. మూడువేల పౌన్లు ఎక్కువిస్తామన్నారు. నాన్న ఒక రాత్రంతా వంటింట్లో కూర్చుని ఆలోచించాడు. పొద్దున్నే లీడ్స్‌కి ఫోన్ చేశాడు. ఆ మూడువేలతో నాకు కారొచ్చింది. ఇప్పటికీ నేను అక్కడ పార్కింగ్ దొరకలేదని తిట్టుకునేది కారు నేర్పిన బుద్ధితోనే. (తెనాలి దగ్గర మా తాతగారి ఇంటికి కూడా ఇరవై ఏళ్ళుగా తాళమే. ఆ ఫైలు వేరు, దయచేసి ఇక్కడ కలపకండి.)

కిందటేడు జూన్‌లో అదే ఇంటిని రెండు రాత్రులకి అద్దెకి తీసుకున్నాను. దానికిప్పుడు జాలరి కుటీరం అని పేరు. మా కాలంలో అందులో ఉన్నది డాక్టరు. గోడకి ఒక పాత తెడ్డు. ఎండ్రకాయలు పట్టే బుట్టలో బల్బు పెట్టి టేబుల్ లైటు చేశారు. చేతిలో రూబార్బ్ కాడలు, విట్బీలో కొన్న రెండు మాకెరెల్ చేపలు పట్టుకుని వంటింట్లోకి వెళ్ళాను. స్టవ్ పైన లామినేషన్ చేసిన కాగితం ఉంది. అతిథులకి నియమాలు. ఏడో నియమం: వాసన పట్టేస్తుంది కాబట్టి ఇంట్లో చేపలు వండరాదు.

రెండుసార్లు చదివాను. పక్కింట్లో పొయ్యి అడుగుదామని చేపలతో సహా వెళ్ళి తలుపు కొట్టబోయాను. అక్కడ కూడా కీ బాక్సే.