70 గీత దాటిన ఆర్‌ఎస్‌ఐ గారికి

మహారాజశ్రీ ఆర్‌ఎస్‌ఐ గారి సముఖమునకు,

నమస్కారములు. ఉభయకుశలోపరి. మీ క్షేమం గురించి ప్రత్యేకంగా అడగవలసిన అవసరం లేదని నాకు తెలుసు. ధర ఊపును 0 నుంచి 100 లోపు అంకెగా చూపించే చార్టు సూచిక, రిలేటివ్ స్ట్రెంత్ ఇండెక్స్, కదా మీరు. 0 కంటే కిందికి పడే అపాయం గానీ, 100 దాటి కొట్టుకుపోయే అపాయం గానీ మీకు పుట్టుకతోనే లేవు. ఆ భాగ్యం యూరో విలువను డాలర్లలో చెప్పే యూరో-డాలర్ పెయిర్‌కు లేదు, దానిమీద నిలబడిన నా ఖాతాకు బొత్తిగా లేదు. ఈ ఉత్తరానికి కారణం ఈ రోజు మధ్యాహ్నం జరిగిన వ్యవహారమని మీకు చెప్పనక్కరలేదు. గంట చార్టులో మీరు 70 దాటి, 78 వరకూ వెళ్ళి, ఓవర్‌బాట్, అంటే అతిగా కొన్నారు, అని ఎర్రరంగులో ప్రకటించారు. ఆ ప్రకటనను మన్నించి, ఇక ధర పడుతుందని నేను పెయిర్‌ను అమ్మాను. తరువాత మీరు ఇచ్చిన మాట ప్రకారమే దిగివచ్చారు. ఎంతో మర్యాదగా, తొందర లేకుండా, 70 కిందికి, ఆపైన 65 దగ్గరికి వచ్చి కూర్చున్నారు. ధర మాత్రం నేను అమ్మిన చోటికంటే ఎత్తునే ఉండిపోయింది.

నా ఫిర్యాదంతా ఇదే. మిగిలినవన్నీ దీనికి అనుబంధాలు. ధర దిగుతుందేమోనన్న కబురు కోసం నేను మిమ్మల్ని కనిపెట్టుకుని కూర్చుంటే, మీరు ఇంతకాలమూ నాకు అందించినది మీరు దిగుతారన్న కబురు మాత్రమే. ఆ విషయంలో మీరు ఎన్నడూ మాట తప్పలేదని ఒప్పుకుంటాను. ఎత్తుకు వెళ్ళిన ప్రతిసారీ దిగివచ్చారు. దిగిరాక తప్పని విధంగానే మిమ్మల్ని కట్టారు కనుక అందులో మీ గొప్పతనం ఎంతో, మీ సూత్రం గొప్పతనం ఎంతో వేరే చర్చ.

లెక్క మీదే కాబట్టి మీ సమక్షంలోనే వేస్తాను. గంట చార్టులో సగటు పెరుగుదల 10 పిప్‌లు (పిప్ అంటే ధర కదలికకు చిన్న కొలత), సగటు తగ్గుదల 2.5 పిప్‌లు ఉన్నాయనుకుందాం. నిష్పత్తి 4, అంటే మొత్తం కదలికలో పెరుగుదల వాటా నూటికి 80, అదే మీ విలువ. అక్కడి నుంచి ధర ఒక గంట 8 పిప్‌లు పెరిగి, మరుసటి గంట 5 పిప్‌లు తగ్గి, మళ్ళీ 8 పెరిగి, మళ్ళీ 5 తగ్గుతూ సాగిందనుకుందాం. 28 గంటలు గడిచేసరికి ధర బయలుదేరిన చోటికంటే 42 పిప్‌లు పైన ఉంటుంది. మీరు మాత్రం, పద్నాలుగు గంటల లెక్క కనుక, ప్రతి గంటా పాత సగటును 13తో గుణించి, కొత్త గంటను కలిపి, 14తో భాగించుకుంటూ, 65 దరిదాపుల్లోకి దిగి ఉంటారు. అదే తీరు ఇంకా కొనసాగితే ధర ఎక్కుతూనే పోతుంది, మీరు 62 చుట్టూ స్థిరపడి విశ్రాంతి తీసుకుంటారు. మీ గురించి పాఠం చెప్పేవారందరూ అమ్మకపు సంకేతమని వేలు పెట్టి చూపించే ఘట్టం, అంటే 70 గీతను మీరు పైనుంచి కిందికి దాటడం, ధర నికరంగా ఒక్క పిప్ కూడా పడకుండానే, పైగా ఇంకా పెరుగుతూ ఉండగానే, ఈ విధంగా శాస్త్రోక్తంగా జరిగిపోతుంది. అక్కడితో ఆగినా బాగుండేది. ధర కొత్త శిఖరం చేరింది, సూచిక చేరలేదు అంటూ ఆ తేడా మధ్య ఒక గీత గీసి, డైవర్జెన్స్ అని పేరుపెట్టి, మరొకసారి అమ్మమంటారు. బలమైన ట్రెండ్‌లో తరచుగా మొదటి ఊపే అన్నిటికంటే నిటారుగా ఉంటుంది. ఆ తరువాత ట్రెండ్ చెక్కుచెదరకుండా నడిచినా, ఊపు తగ్గినంత మాత్రాన మీరు తలదించుకుంటారు. అందువల్ల ఒకే ట్రెండ్‌లో మూడు నాలుగు డైవర్జెన్స్‌లు వరుసగా పుట్టడం, వాటిలో ఆఖరిది తప్ప తక్కినవన్నీ అమ్మినవారిని ముంచడం, ఆ ఆఖరిదాన్ని మాత్రం బొమ్మగా పాఠంలో అచ్చువేయడం ఆనవాయితీ అయిపోయింది.

మీ వంశగౌరవాన్ని నేను తక్కువ చేయడం లేదు. వెల్స్ వైల్డర్ అనే మెకానికల్ ఇంజనీర్ 1978లో ఒక పుస్తకంలో మిమ్మల్ని లోకానికి పరిచయం చేశారు. ధర సగటున ఎంత ఊగుతుందో కొలిచే ఏటీఆర్, దానితోపాటు ఏడీఎక్స్, పారాబాలిక్ సార్ అనే మీ తోబుట్టువు సూచికలు కూడా ఆ పుస్తకంలోనే వెలుగు చూశారు. రోజుకు ఒక్కసారి ముగింపు ధర చూసుకుని, క్యాలిక్యులేటర్ మీద లెక్క కట్టి, కాగితం మీద చుక్క పెట్టుకునే కమోడిటీ వ్యాపారికి మీరు అక్కరకు వచ్చారు. 14 రోజులు అన్నమాటకు ఆ మనిషి జీవితంలో అర్థం ఉండేది. ఇప్పుడు అదే 14ను గంటలకు, పదిహేను నిమిషాలకు, చివరికి ఒక్క నిమిషానికి కూడా తగిలించి, అంకె మార్చవలసిన అవసరం ఎవరికీ తోచకుండా ట్రేడింగ్ ప్లాట్‌ఫారం వారు ఉచితంగా పంచిపెడుతున్నారు. మార్చేవారు లేరని కాదు. నష్టం వచ్చిన మర్నాడు 14ను 9 చేసి, పాత చార్టు మీద అది అద్భుతంగా పనిచేసిందని చూసి మురిసిపోయి, ఆ తరువాత నష్టానికి 21 చేసేవారికి కొదవ లేదు. జరిగిపోయిన ధరకు అతికినట్టు సరిపోయే అంకె ఎప్పుడూ ఒకటి దొరుకుతుంది. జరగబోయే ధర ఆ అంకెను చదువుకుని రాదు.

ఇక్కడితో మర్యాద చాలించి అడుగుతున్నాను. ఓవర్‌బాట్ అని ఎవరిని పట్టుకుని అంటున్నావు? షేరు అయితే ఏదో కొంత ఊహించుకోవచ్చు. కరెన్సీ పెయిర్‌లో ఒకదాన్ని కొనడమంటే రెండోదాన్ని అమ్మడమే. యూరో-డాలర్ మీద నువ్వు 78 చూపిస్తున్న క్షణంలోనే పెయిర్‌ను తలకిందులు చేసి డాలర్-యూరోగా గీస్తే, అదే బజారు మీద, అదే నిమిషాన, నువ్వు 22 దగ్గర కూర్చుని ఓవర్‌సోల్డ్ అంటావు. ఒక చేత్తో అతిగా కొన్నారని, రెండో చేత్తో అతిగా అమ్మారని చెప్పే నీకు, ఏది అతి, ఎంతవరకు మితం అన్నది తెలిసే దారే లేదు. 2022లో ప్రపంచవ్యాప్తంగా రోజుకు సగటున 7.5 లక్షల కోట్ల డాలర్ల విలువైన కరెన్సీ చేతులు మారింది. ఆ ప్రవాహంలో వడ్డీ రేట్లను బట్టి డబ్బు తరలించే నిధులు, దిగుమతి బిల్లులు కట్టే కంపెనీలు, నిల్వలు సర్దుకునే కేంద్ర బ్యాంకులు ఉంటాయి. వారిలో ఎవరైనా తమ కొనుగోలు ఆపేముందు నీ కిటికీలోకి తొంగిచూస్తారని నువ్వు నమ్ముతున్నావా?

ఆ 2022 సంవత్సరమే తీసుకో. డాలర్-యెన్ మార్చి ఆరంభంలో 115 దగ్గర ఉంది, ఏప్రిల్ చివరికి 131 చేరింది. అమెరికా ఫెడరల్ రిజర్వ్ మార్చిలో వడ్డీ రేట్లు పెంచడం మొదలుపెట్టింది. బ్యాంక్ ఆఫ్ జపాన్ మాత్రం పదేళ్ళ బాండు రాబడి 0.25 శాతం దాటకుండా పట్టుకుని కూర్చుంది. కారణం అందరి కళ్ళ ముందూ ఉంది. నువ్వు మాత్రం రోజువారీ చార్టులో 70 పైన మకాం పెట్టి, రోజు తరువాత రోజు ఓవర్‌బాట్ అని అదే పాట పాడావు. నిన్ను నమ్మి 120 దగ్గర అమ్మినవారికి 125 దగ్గర కూడా అదే సలహా ఇచ్చావు, 130 దగ్గరా అదే ఇచ్చావు. సెప్టెంబర్ 22న జపాన్ ప్రభుత్వం 1998 తరువాత మొదటిసారిగా యెన్ కొనడానికి బజారులోకి దిగి, 145 దాటిన డాలర్‌ను కొన్ని గంటల్లో 140 దగ్గరికి తోసింది. ఆ పని చేసింది ఖజానా, నీ 70 గీత కాదు. అంత ఖజానా తోసినా మరుసటి నెలలో డాలర్ మళ్ళీ లేచి 152 అంచు చూసింది. దేశాలకే లొంగని ట్రెండ్‌ను చార్టు అడుగున అరంగుళం ఎత్తున్న కిటికీలో గీసిన చుక్కల గీత ఆపుతుందని నమ్మబలికినవారందరి తరపునా సంజాయిషీ నువ్వే ఇవ్వాలి.

నీ బంధువర్గమైన ఇతర సూచికల గురించి ఎక్కువ రాయను, వారికి వేరే ఉత్తరాలు బాకీ ఉన్నాను. ఒక్క నీ మాట చాలదని పక్కన స్టోకాస్టిక్‌ను, విలియమ్స్ పర్సెంట్ ఆర్‌ను, సీసీఐని కూర్చోబెట్టి, నలుగురూ ఒకే మాట అన్నారు కనుక నమ్మవచ్చునని చెప్పే పద్ధతి ఒకటి ఉంది. నలుగురూ చదివేది అదే ధరను. ఫాస్ట్ స్టోకాస్టిక్ అంకెలోంచి 100 తీసేస్తే వచ్చేదే విలియమ్స్ పర్సెంట్ ఆర్. ఒకే సాక్షి చొక్కా మార్చుకుని రెండుసార్లు బోనెక్కితే సాక్ష్యం బలపడినట్టా? ఎంఏసీడీ గారు 12, 26, 9 అని మూడు అంకెలు జపిస్తూ, కదలిక సగం అయిపోయాక గీతలు దాటించి శుభవార్త చెబుతారు. ఇచిమోకు గారి 26కు మూలం వారానికి ఆరు రోజులు వ్యాపారం సాగిన కాలపు నెల. కరెన్సీ బజారు ఐదు రోజులే నడుస్తున్నా ఆ సంఖ్యను ముట్టుకుంటే అపచారమన్నట్టు చూస్తారు. ధరకు పైనా కిందా గీసే బోలింజర్ బ్యాండ్‌ల సంగతి అడిగితే 2015 జనవరి 15 ఉదయం గుర్తు చేయాలి. 1.20 దగ్గర స్విస్ నేషనల్ బ్యాంక్ మూడేళ్ళకు పైగా కాపాడిన అడ్డుగోడకు ఆనుకుని యూరో-ఫ్రాంక్ కదలకుండా ఉంటే, బ్యాండ్‌లు సన్నబడి ప్రశాంతతను బొమ్మగీసి చూపించాయి. బ్యాంకు ఆ గోడ తీసేసిన నిమిషాల్లోనే ధర 1.00 కిందికి పడిపోయింది. కరెన్సీని అప్పటికప్పటి ధరకు మార్చుకునే స్పాట్ బజారులో అసలు వాల్యూమ్, అంటే చేతులు మారిన మొత్తం, ఒక్కచోట నమోదయ్యే ఏర్పాటే లేకపోయినా, ధర ఎన్నిసార్లు కదిలిందో లెక్కపెట్టి దాన్నే వాల్యూమ్ అనే సూచికల ధైర్యానికి నమస్కారం పెట్టి వదిలేస్తున్నాను.

మళ్ళీ నీ దగ్గరికే వస్తాను, ఎందుకంటే ఇంకొకటి మిగిలి ఉంది. వారాంతం తప్ప ఈ బజారుకు తలుపులు మూసే వేళంటూ లేదు. రోజు ఎక్కడ ముగిసిందన్నది బ్రోకర్ సర్వర్ గడియారం తేలుస్తుంది. న్యూయార్క్‌లో సాయంత్రం ఐదు గంటలకు రోజు ముగించేవారి చార్టులో వారానికి ఐదు క్యాండిల్‌లు, అంటే రోజుకొక ధర కడ్డీ, ఉంటాయి. వేరే గడియారం పెట్టుకున్నవారి చార్టులో ఆదివారం పేరుతో ఒక పొట్టి క్యాండిల్ అదనంగా చేరి, నీ పద్నాలుగు రోజుల్లో దానికీ పూర్తి రోజు హోదా దొరుకుతుంది. అందువల్ల ఒకే పెయిర్ మీద, ఒకే క్షణాన, ఒక తెరమీద 71 చూపించి అమ్మమంటావు, ఇంకో తెరమీద 67 చూపించి ఆగమంటావు. క్యాండిల్ ముగియకముందు నువ్వు 70 దాటి, అలర్ట్ గంట మోగించి, ముగిసేలోపల ఏమీ ఎరగనట్టు 69కి జారుకోవడం వేరే కథ. మర్నాడు చార్టు తెరిచి చూస్తే నువ్వు దాటిన గుర్తు కూడా ఉండదు.

ఇంత రాశాక కూడా నిన్ను చార్టులోంచి తొలగించలేదు. తొలగించాలని చూశాను గానీ, నీకు చేతనైన పని ఒకటి ఉంది, అది నిజాయితీగా చేస్తావు. పెరిగే ట్రెండ్‌లో నువ్వు సాధారణంగా 40 కిందికి దిగవు, 80 దాకా తిరుగుతావు. తగ్గే ట్రెండ్‌లో 60 పైకి లేవడానికి కష్టపడి, 20 దాకా జారతావు. ఏ మకాంలో ఉంటున్నావో చూసి ట్రెండ్ ఎటుందో, ఊపు ఇంకా మిగిలిందో లేదో ఊహించుకోవచ్చు. జాతకం చెప్పమని నిన్ను కూర్చోబెట్టినవారిదే అన్యాయం కావచ్చు. ఆ జాతకానికి రుసుము మాత్రం నా ఖాతాలోంచి పోయింది కనుక, ఆ కోపం ఇప్పట్లో పోదు.

ఇకమీదట మన మధ్య ఏర్పాట్లు ఇవి. నీ కిటికీలో 70, 30 గీతలు తీసేశాను, 50 గీత ఒక్కటే ఉంచాను. ఎర్రరంగు తీసేశాను. స్టాప్ లాస్, అంటే నష్టాన్ని ఆపి బయటపడే ధర, ఎంత దూరాన ఉండాలో ఇక నీ తోబుట్టువు ఏటీఆర్ చెబుతుంది. అది దిక్కు చెప్పదు, చెప్పినట్టు నటించదు కూడా. స్టోకాస్టిక్‌నూ, విలియమ్స్‌నూ పంపేశాను. వడ్డీ రేట్ల నిర్ణయాలు, ఉద్యోగాల లెక్కలు వెలువడే రోజుల్లో నీ అభిప్రాయం అడగను, నువ్వూ పంపవద్దు.

ఇట్లు,
భవదీయుడు

తా.క.: డైవర్జెన్స్ కనబడుతోందని మీ దగ్గరి నుంచి ఇప్పుడే మళ్ళీ కబురు వచ్చింది. మామూలుదో, హిడెన్‌దో, అసలు ఉన్నదో లేదో క్యాండిల్ ముగిశాక తెలియజేయగలరు.