చెరువు గట్టున రిడ్‌బర్గ్ పెట్టె

భీమవరం, ఆకివీడు వైపు రొయ్యల రైతుల వాట్సాప్ గ్రూపుల్లో వారం రోజులుగా ఒకే సందేశం తిరుగుతోంది. రిడ్‌బర్గ్ పరమాణువులను (బయటి ఎలక్ట్రాన్‌ను చాలా పై స్థాయికి లేపిన పరమాణువులను) నిరుడే కనిపెట్టారట, అమరావతికి రానున్న క్వాంటం కంప్యూటర్ వాటితోనే నడుస్తుందట, వాటితో చేసిన పెట్టెను గట్టున పెడితే రొయ్యలను చంపే తెల్లమచ్చ వైరస్‌ను నీటిలోనే ముందే పసిగడుతుందట, ఇక ల్యాబులో చేయించే పీసీఆర్ పరీక్షల ఖర్చు దండగట. నాకు దీనిని పంపిన మిత్రులు ఇప్పటికి ఆరుగురు.

ఈ పరమాణువులకు పేరిచ్చిన రిడ్‌బర్గ్ అనే శాస్త్రవేత్త సూత్రమే 1888 నాటిది కాబట్టి మొదటి మాటతో పని లేదు. అమరావతికి ప్రకటించిన ఐబీఎం యంత్రం అతివాహక వలయాలతో (అతి చల్లదనంలో నిరోధం లేకుండా విద్యుత్తు పారే వలయాలతో) పనిచేస్తుంది. రిడ్‌బర్గ్ పరమాణువులతో లెక్కలు చేసేవి వేరే యంత్రాలు, 2023లో హార్వర్డ్ బృందం 48 తార్కిక క్యూబిట్లు (తప్పులను పట్టుకునేలా పలు పరమాణువులను కలిపి చేసిన లెక్క మూలకాలు) చూపినది వాటి మీదే.

ప్రమాదమంతా పెట్టె దగ్గర ఉంది. పరమాణువులోని బయటి ఎలక్ట్రాన్‌ను లేజర్లతో వందో శక్తి స్థాయి దాకా లేపితే ఆ పరమాణువు ఇంచుమించు ఒక మైక్రాన్ అడ్డుకొలతకు ఉబ్బుతుంది. కేంద్రకానికి అంత దూరాన వదులుగా ఉన్న ఎలక్ట్రాన్ అతి స్వల్ప విద్యుత్ క్షేత్రానికీ స్పందిస్తుంది గనుక, గాజు గొట్టంలో మూసిన రుబీడియం ఆవిరి గుండా పోయే లేజర్ కాంతిలో వచ్చే మార్పును బట్టి రేడియో తరంగాల బలాన్ని కొలుస్తారు. వైరస్ రేడియో తరంగాలు పంపదు. పంపినా, మన చెరువుల ఉప్పునీరు వాటిని గట్టు దాకా రానీయకుండా మింగేస్తుంది. పక్కనే నీటికి గాలి అందించే ఏరేటర్ల మోటార్లు విద్యుత్ గోల చేస్తూ తిరుగుతుండగా ఆ పెట్టె ఏ వైరస్ మాట వింటుందో అమ్మేవారే చెప్పాలి!

పీసీఆర్ పరీక్ష వైరస్ డీఎన్‌ఏనే వెతికి, దాని ప్రతులను పెంచి చూపుతుంది. రోగమున్న రొయ్య పిల్లను చెరువులో వదలకముందే గుర్తించడానికి రైతుకు అంతకంటే నమ్మకమైన ఆధారం లేదు. తెల్లమచ్చ సోకితే మూడు నుంచి పది రోజుల్లో చెరువంతా తుడిచిపెట్టుకుపోవచ్చు. లీజు కట్టి, మేత అరువు తెచ్చుకున్న మనిషితో ఆ పరీక్ష మానిపించడం ఘోరం.

సందేశంలో ఒక్క మాటను నేను అబద్ధమనుకొని, సరిచూసుకున్నాక ఒప్పుకున్నాను. ఈ పరికరానికి లోహపు యాంటెన్నా అక్కరలేదని, గది వేడిమిలోనే పనిచేస్తుందని రాశారు, అది నిజం. 2019లో అమెరికా పరిశోధకులు ఇలాంటి ఆవిరి గొట్టంతోనే గిటార్ వాద్యాన్ని అందుకొని రికార్డు చేశారు. అయితే ఆ నాదాన్ని ముందుగా రేడియో తరంగం మీదికి ఎక్కించి పంపారు.

పెట్టెకు బయానా ఇచ్చినవారు దాని సంగతి తరువాత తేల్చుకోవచ్చు, ఈ విడత పిల్లను మాత్రం పీసీఆర్ చేయించకుండా వదలవద్దు.