లెక్కలే దగ్గర చేశాయి
మీ కథనంలో భర్త పోయిన పెద్దావిడకూ, పదిహేడేళ్ల కుర్రాడికీ కుదిరిన స్నేహం గురించి బాగా రాశారు. కానీ ‘కుర్రాడు ఆమెను ఓదార్చాడు’ అనడం నాకు మింగుడుపడలేదు. చిక్కడపల్లిలో మా పెద్దమ్మనే చూశాను. పెదనాన్న పోయాక ఎవరొచ్చినా తలుపు తీసేది కాదు. పై వాటాలో అద్దెకున్న ఇంటర్ పిల్ల మాత్రం ఈఏపీసెట్ పుస్తకం చంకన పెట్టుకుని దిగేది. పెద్దమ్మ రిటైరైన లెక్కల టీచరు లెండి. ఓదార్పులేం లేవు. ఇంటిగ్రేషన్‌లో జవాబు చివర రాయాల్సిన ‘ప్లస్ సి’ మరిచిపోతే తిట్లు, మధ్యలో ఉప్మా, నిమ్మకాయ ఊరగాయ. ఆ పిల్ల ఫోన్‌లో మెట్రో టికెట్ తీయడం నేర్పింది. ఇద్దరూ సుల్తాన్ బజార్‌లో దిగి, కోఠిలో పాత పుస్తకాలకు బేరమాడేవాళ్లు. సంవత్సరీకం కాకుండానే ఈ తిరుగుళ్లేంటని చుట్టాలు గొణిగారు. గొణిగినవాళ్లెవరూ పెద్దమ్మతో కూర్చుని ఒక్క పూట అన్నం తిన్న పాపాన పోలేదు.