వంద గజాల నాయకత్వం

ఒడిశాలోని మా పర్లాకిమిడిలో ఒక బడి మొన్న జూన్ 26న, మాదకద్రవ్యాల వ్యతిరేక దినం సభలో, ఉదయం పదిన్నరకు మత్తు నుంచి విముక్తి పొందింది. పన్నెండుకల్లా టిఫిన్లు కూడా అయిపోయాయి. పేరెంట్స్ కమిటీ సభ్యుడిగా వేదిక మీద చివరి కుర్చీలో కూర్చుని ఇదంతా కళ్లారా చూశాను కాబట్టి, అదంతా ఉత్త తంతు అనే గిట్టనివాళ్ల ప్రచారాన్ని ఖండించడం నా బాధ్యత.

బ్యానర్ మీద ‘నిశాముక్త’ అని ఒడియాలో పెద్దక్షరాలు. ఒడియావాళ్లకు నిశా అంటే మత్తు. మా తెలుగు పిల్లలు రాత్రి నుంచి విముక్తి అనుకుని, ఇక కరెంటు పోదు కాబోలని తెగ చప్పట్లు కొట్టారు. చప్పట్లు చప్పట్లే, రిపోర్టులో రాసుకున్నాం. ఇంటికొచ్చి చెబితే మా పిన్నమ్మ అడ్డపొగ తాగుతూ, చుట్ట నిప్పు నోట్లో ఉండగానే, “ఏటిరా, మరి రాత్రుండదేటి?” అంది.

తర్వాత ప్రతిజ్ఞ. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు కదా, అందుకని ‘మాదకద్రవ్య వినియోగ దుష్ప్రభావములను సంపూర్ణముగా పరిత్యజించెదము’ అని రాయించాం. వదిలేసింది ఏమిటో పిల్లలకు తెలియదు. తెలిస్తే మళ్లీ పట్టుకునే ప్రమాదం ఉంది. జాగ్రత్తగా చదివితే వాళ్లు వదిలింది దుష్ప్రభావాలను మాత్రమే. వినియోగం జోలికి మేం పోలేదు.

ముఖ్య అతిథి కొకైన్, హెరాయిన్ల మీద నలభై నిమిషాలు మాట్లాడారు. మా పిల్లలెవరూ వాటి మొహం చూసి ఎరుగరు. గుట్కా, ఖైనీ, పళ్లకు రాసుకునే పొగాకు ముద్ద గుడాఖు, వీటి ఊసెత్తలేదు. ఎత్తడం కష్టం కూడాను, ఆయన కుడి దవడ ఖాళీగా లేదు. మోహనా వైపు కొండల్లో గంజాయి తోటలు నరికారని పేపర్లో వస్తూనే ఉంటుంది గానీ, పేపర్లో సంగతి పేపర్లోనే ఉండాలి.

ఇలాంటి సభల వల్ల లాభం లేదంటారు కొందరు. ఐక్యరాజ్యసమితి డ్రగ్స్ విభాగం 2013లో వేసిన ప్రమాణాల పుస్తకంలోనూ అదే గోల. ఉపన్యాసం దంచేసి, భయపెట్టి వెళ్లిపోతే పని జరగదట. దోస్తు గుట్కా చేతిలో పెడితే వద్దని ఎలా చెప్పాలో పిల్లలచేత పదే పదే చేయించి నేర్పాలట. అమెరికాలో 1983లో మొదలైన ‘డేర్’ కార్యక్రమంలో పోలీసులే బడికొచ్చి పాఠాలు చెప్పేవారు. కొన్నేళ్లకు లెక్కలు తీస్తే, ఆ పాఠాలు విన్నవాళ్లకీ విననివాళ్లకీ అలవాట్లలో పెద్ద తేడా కనిపించలేదు. లెక్కలు తీయడమే వాళ్లు చేసిన తప్పు. మేం ఫొటోలు తీస్తాం.

ఇక నాయకత్వం. క్లాసుకి ఇద్దరేసి లీడర్లు. బొకే ఎలా ఇవ్వాలో, అతిథిగారి కారు వచ్చేదాకా ఎండలో నవ్వు మొహంతో ఎలా నిలబడాలో మూడు రోజులు ట్రైనింగ్ ఇచ్చాం. అందరూ చక్కగా చేశారు, ఒక్క తొమ్మిదో తరగతి కుర్రాడు తప్ప.

బడికి వంద గజాల లోపల పొగాకు అమ్మకూడదని 2003 చట్టం. ఆ బోర్డు గేటు పక్కన మేమే పెట్టించాం, చదవమని కాదు. వీడు చదివాడు. పీఈటీ మాస్టారి లాంగ్‌జంప్ టేపు తెచ్చి, ఒక కొస బడి గోడ దగ్గర చెల్లెలి కాలి కింద పెట్టి, రెండో కొస పట్టుకుని రోడ్డు దాటాడు. పాన్ బడ్డీ ముందు సోడాబుడ్ల ట్రే దగ్గర ఆగాడు. వందన సమర్పణ చెయ్యమని మైకు ఇస్తే, “మాస్టారూ, వంద గజాలంటే తొంభై ఒక్క మీటర్లండి. బడ్డీ పద్దెనిమిదిలోనే ఉందండి” అన్నాడు. వేదిక మీద అందరి చేతుల్లోనూ ఆ బడ్డీ సోడాలే.

నేనే లేచి సర్దిచెప్పాను. “కొలత హెడ్మాస్టారి కుర్చీ దగ్గర్నుంచి బాబూ.”

“కాదండి, గోడ బయటి అంచు నుంచి తిన్నగా అని రూల్సులో ఉందండి.”

అలా అమ్మితే జరిమానా ఎక్కువలో ఎక్కువ 200 రూపాయలు. మా బొకే ఖరీదే అంతకన్నా ఎక్కువ. ఈ మాత్రానికి టెన్షన్ దేనికి? వాడు ఆగలేదు. 2015 బాలల న్యాయ చట్టం కింద పిల్లలకు పొగాకు ఇస్తే ఏడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా అని అందుకోబోయాడు. దేవుడున్నాడు, కరెంటు పోయింది.

కమిటీ చేతులు ముడుచుకు కూర్చోలేదు. బడ్డీని కదిపితే ఒక కుటుంబం వీధిన పడుతుంది, పైగా వార్డులో ఆ కుటుంబం ఓట్లు తక్కువేం కాదు. అందుకని ముందు గేటుకి తాళం వేసి వెనక గేటు తెరిచాం. ఇప్పుడు సందు తిరిగి నడిచి వెళ్తే బడ్డీ వంద గజాలకు అవతలే. బోర్డు కూడా వెనక్కే మార్చాం. కుర్రాణ్ణి లీడర్ల లిస్టులోంచి తీసేశాం.

నిన్న పొద్దున వాడు వెనక గేటు దగ్గర నిలబడి, ఎదురుగా ఉన్న కిరాణా కొట్టుకేసి చూస్తున్నాడట. ఆనక టేపు కోసం వెళ్లాడు. ఆ గదికి కూడా తాళం వేయించాం.