పది సెకన్లే, పెంచేది లేదు!

డేటాబేస్‌లో రాసింది ఇంకో సర్వర్‌కి కాపీ అవుతోందా అని చూసే రెప్లికేషన్ టెస్టుల్లో టైమౌట్‌ని, అంటే ఎదురుచూసే గడువుని, ఎవరి మెషీన్‌కి తగ్గట్టు వాళ్లు మార్చుకునేలా పెట్టాలంటూ ఈమధ్య కొందరు కుర్రాళ్లు గొడవ మొదలెట్టారు, దీన్ని మొగ్గలోనే తుంచెయ్యాలి. ప్రైమరీలో (అసలు సర్వర్) రాసింది పది సెకన్లలో స్టాండ్‌బైకి (దాని కాపీ సర్వర్) చేరాలని ఎప్పుడో ఓ పెద్దమనిషి కోడ్‌లో రాసేసి వేరే కంపెనీకి వెళ్లిపోయాడు. పదే ఎందుకని అడుగుదామంటే ఆయన లేడు, కాబట్టి అది శాసనం. ఆయన ల్యాప్‌టాప్‌లో పాసయింది కదా, ఇంకేం కావాలి?

కోడ్ మారినప్పుడల్లా టెస్టులు నడిపే సీఐ మెషీన్ పాపం నాలుగు బిల్డులు ఒకేసారి మోస్తూ పదకొండో సెకనుకి వాల్ రీప్లే (ప్రైమరీ పంపిన మార్పుల లాగ్‌ని స్టాండ్‌బైలో మళ్లీ అమలు చేయడం) పూర్తి చేసిందనుకోండి, టెస్ట్ ఫెయిల్. తప్పెవరిది? స్టాండ్‌బైదే, క్రమశిక్షణ లేదు దానికి. మనం రీ-రన్ నొక్కి టీకి వెళ్తాం, వచ్చేసరికి అంతా గ్రీన్, "ఆ టెస్ట్ ఫ్లేకీలే, ఓసారి పాసవుతుంది ఓసారి ఫెయిలవుతుంది" అనుకుని మెర్జ్ కొట్టేస్తాం. టైమౌట్ పెంచితే ఈ టీ ఏమైపోవాలి?

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ తయారుచేసేవాళ్లయితే మరీ బరితెగించారు. 2022లో పీజీ టెస్ట్ టైమౌట్ డిఫాల్ట్ అని ఓ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ (కోడ్ ముట్టుకోకుండా బయటి నుంచి పెట్టుకునే సెట్టింగ్) తెచ్చారు, ఏమీ పెట్టకపోతే 180 సెకన్లు, మెషీన్ నెమ్మదిదైతే ఇంకా పెంచుకోవచ్చు. వాళ్ల కోడ్‌ని రకరకాల మెషీన్లలో టెస్ట్ చేసే బిల్డ్‌ఫార్మ్‌లో మెషీన్లకి జంతువుల పేర్లు, అందులో స్కింక్ అనేది వాల్‌గ్రైండ్ అనే మెమరీ తప్పులు పట్టే టూల్ కింద నడుస్తుంది, అంటే నత్తనడకే. అలాంటి సోమరులకి కూడా గడువు ఇస్తారా!

మరి టెస్ట్ టెస్ట్‌కీ 180 సెకన్లు కూర్చోవాలా అని నిలదీశా. అక్కర్లేదట. వాళ్ల టెస్టుల్లో పోల్ క్వెరీ అంటిల్ అనే ఫంక్షన్ సెకనుకి పదిసార్లు చూసొస్తుందట, స్టాండ్‌బై అర సెకనులో అందుకుంటే అర సెకనుకే ముందుకెళ్లిపోతుందట, రెప్లికేషన్ నిజంగా ఆగిపోయినప్పుడే గడువంతా కాస్తుందట. పైగా వాల్ సెండర్ (ప్రైమరీ నుంచి లాగ్ పంపే ప్రాసెస్) టైమౌట్ అయ్యాక కనెక్షన్ తెగుతుందా లేదా అని చూసే టెస్టుంటే దాన్ని ఇందులో కలపకూడదట, అక్కడ ఎంత పెంచితే అంతసేపూ కూర్చోవాల్సిందే కాబట్టి దాని అంకె వేరే, చిన్నది. ఇలా అన్నిటికీ లెక్క చెప్పేవాళ్లతో ఏం వాదిస్తాం చెప్పండి. మనం హాయిగా స్లీప్ 10 అని రాస్తాం, డేటా ముందే వచ్చినా పది సెకన్లూ కూర్చుంటాం, రాకపోయినా పదికే లేచి ఫెయిల్ అంటాం, అందరికీ ఒకటే న్యాయం.

అయినా మేం మరీ మూర్ఖులం కాదు, రాజీకి రెడీ. పదిని పదిహేను చేస్తాం, అదీ కోడ్‌లోనే, అదీ ముగ్గురు అప్రూవ్ చేస్తే. పక్కన "టెంపరరీ" అని కామెంట్ కూడా పెడతాం.